ప్యాకెట్లే కాదు, పైపులూ చూడండి
తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

2024 నుంచి మీ టాస్క్‌ఫోర్స్ హోటళ్ళ వంటగదుల్లోకి వెళ్ళి ఫొటోలు బయటపెడుతుంటే జనం మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అయితే బొద్దింక కంటికి కనిపిస్తుంది. డెయిరీ ప్లాంట్లలో పనిచేసే నాకు భయమల్లా కనిపించనివాటితోనే.

బాక్టీరియా స్టీలుకో రబ్బరుకో అంటుకుని, చుట్టూ జిగురు కట్టుకుని కాపురం పెడుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. పళ్ళ మీది పాచిలాగే ఇదీ నీళ్ళు పుక్కిలిస్తే పోదు, తోమాల్సిందే. పైన పోసిన క్లోరిన్ ఆ జిగురుతోనే ఖర్చయిపోతుంది, అడుగున ఉన్నవి బతికిపోతాయి.

పాలను వేడిచేసి క్రిములను చంపే పాశ్చరైజర్‌లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే లిస్టీరియా అనే ప్రమాదకరమైన బాక్టీరియా చస్తుంది. సమస్యంతా ఆ తర్వాత పాలు నడిచే దారిలోనే: ట్యాంకు, పైపులు, ఫిల్లింగ్ మెషీన్ నాజిళ్ళు. లిస్టీరియా 4 డిగ్రీల చలిలో కూడా పెరుగుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2007లో ఒక చిన్న డెయిరీ పాలు తాగి అయిదుగురు జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. విచారిస్తే పాశ్చరైజర్ సరిగ్గానే పనిచేస్తోందని తేలింది. కలుషితమైంది దాన్ని దాటాకే. ప్లాంటులో లిస్టీరియా ఉందా అని స్వాబులు (దూదిపుల్లతో తుడిచి తీసే నమూనాలు) తీసి చూసే పద్ధతే అక్కడ లేదు.

మన దగ్గర? మీ అధికారులు వస్తే పాల ప్యాకెట్లు తీసుకుని నాచారం ల్యాబుకు పంపుతారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు), యూరియా తేలతాయి. కల్తీ పట్టడానికి అది చాలు, దీనికి చాలదు.

పైపులు విప్పకుండా కడిగే పద్ధతిని మేం సీఐపీ అంటాం. కడిగే నీళ్ళలో కాస్టిక్ సోడా ఒకటి, ఒకటిన్నర శాతం ఉండాలి, వేడి 70 డిగ్రీలు దాటాలి, పైపులో సెకనుకు మీటరున్నర వేగం అందాలి. రాత్రి లోడు ఆలస్యమైతే ముందు కోత పడేది దీని టైముకే. లాగ్‌షీట్లో మాత్రం రోజూ అవే అంకెలు, అదే చేతిరాత. కొట్టివేత ఒక్కటైనా లేని లాగ్‌షీట్ చూస్తే నాకు అనుమానమే.

అందుకే ఒక మనవి. చెప్పకుండా రండి. సీఐపీ అయిందని సంతకం పడ్డాక, పాశ్చరైజర్ అవతల ఒక యూనియన్ (పైపుల జాయింటు) విప్పించండి. అందులోని గాస్కెట్ (రబ్బరు రింగు) ఊడదీసి, అది కూర్చునే గాడిలో వేలితో గీకి చూడండి. చాలాసార్లు పసుపచ్చటి జిగట గోటికి అంటుతుంది, పుల్లటి వాసన వస్తుంది. నాజిల్ రబ్బరు మీద, ఫిల్లింగ్ హాలు డ్రెయిన్‌లో స్వాబులు తీయించండి. మిగిలిపోయిన మురికిని కొలిచే ఏటీపీ మీటరుంటే కడుగుడు సరిగ్గా జరిగిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. మీ మొబైల్ వ్యాన్లలో ఒక్కోటి పెట్టలేరా?

ఇంకో మాట, యాజమాన్యాలకు నచ్చేదే. డ్రెయిన్‌లో లిస్టీరియా ఉందని ప్లాంటే కనిపెట్టి, రాసుకుని, బాగుచేసుకుంటే కేసు పెట్టకండి. అసలు వెతకనివాళ్ళ మీద పెట్టండి. ఇప్పుడు వెతికితే ఎక్కడ దొరికిపోతామో అని ఎవరూ వెతకడం లేదు.

స్వాబులు ఆలస్యమైతే, కనీసం ఈ నెల తనిఖీల్లో గాస్కెట్లు మార్చిన రిజిస్టరు అడగండి. చాలా చోట్ల అలాంటి రిజిస్టరే ఉండదు.

ఇట్లు
ఒక డెయిరీ టెక్నాలజిస్టు