బ్యాటరీ మార్చకు బిడ్డా, ముందు వాట్ల సంగతి చూడు

హనుమకొండ

బిడ్డా,

నీ లాప్‌టాప్ ఛార్జింగ్ రెండు గంటలకే అయిపోతోందని కొత్త బ్యాటరీ ఇప్పుడే కొనొద్దు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్యాటరీ రిపోర్టు రాత్రి షాపు కట్టేశాక తీరిగ్గా చూశాను. ఫోన్లో చెబుదామంటే సగంలోనే క్లాసుకు టైమైందంటావు. అందుకే రాస్తున్నాను, పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్యి.

రిపోర్టులో డిజైన్ కెపాసిటీ 52,500 అని, దాని కింద ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 46,200 అని ఉంది. ఇవి మిల్లీవాట్ అవర్లు, వెయ్యి కలిస్తే ఒక వాట్ అవర్. ఒక వాటు చొప్పున గంటసేపు లాగితే ఖర్చయ్యేది ఒక వాట్ అవర్. కొన్నప్పుడు 52.5 వాట్ అవర్లు పట్టిన బ్యాటరీకి ఇప్పుడు 46 పడుతోంది, అంటే నూటికి 88 వంతులు. రెండేళ్లు హాస్టల్లో వాడిన బ్యాటరీకి ఇది మంచి ఆరోగ్యమే. "బ్యాకప్ వస్తలేదన్నా, బ్యాటరీ మార్చు" అని ఎవరు వచ్చినా నేను ముందు చూసేది ఈ రెండు అంకెలే. కింది అంకె పైదాంట్లో సగానికి వస్తే మార్చక తప్పదు. నీది ఆ దరిదాపుల్లో కూడా లేదు.

మరి రెండు గంటలకే ఎందుకు ఆగిపోతోంది? 46ను రెండుతో భాగించు. నీ మెషిన్ సగటున 23 వాట్లు లాగుతోంది. నోట్సు టైపు చేసుకుంటూ పీడీఎఫ్ చదువుకునేటప్పుడు అలాంటి లాప్‌టాప్ పది వాట్ల దగ్గర నడవాలి. పదికి తెచ్చావనుకో, అదే బ్యాటరీ నాలుగున్నర గంటలు వస్తుంది. క్లాసులో ప్లగ్ పాయింట్లు గోడ వరుసకే ఉన్నాయని, వాటి కోసం అందరూ ముందే పరిగెడతారని చెప్పావు కదా. ఆ పరుగు నీకు అక్కర్లేదు.

అసలు ఆ 46 వాట్ అవర్లు ఎంత చిన్న నిల్వో చూడు. కరెంటు బిల్లు మీద ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు. నీ బ్యాటరీలో ఉన్నది అందులో ఇరవయ్యో వంతు కూడా కాదు. మన షాపులో పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లది, దాన్ని నీ బ్యాటరీ మీద నడిపితే నలభై నిమిషాలు కూడా తిరగదు. ఇంత తక్కువలో ఒక్కో వాటుకు విలువ ఉంటుంది.

నాకు ముందు అనుమానం వచ్చింది నీ గ్రాఫిక్స్ కార్డు మీద. ఖాళీగా ఉన్నా ఫ్యాన్ చప్పుడు వస్తుందన్నావు. నీ మెషిన్లో గ్రాఫిక్స్ రెండున్నాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండేది, దానికి కరెంటు చాలా తక్కువ చాలు. రెండోది ఎన్వీడియా కార్డు, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసమని మనం అడిగి తీసుకున్నది. పని లేనప్పుడు అది పూర్తిగా పడుకోవాలి. ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని లేపి ఉంచితే, స్క్రీన్ మీద నీకేమీ కనిపించకపోయినా అదనంగా ఏడెనిమిది వాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంటాయి.

ఎవరు లేపుతున్నారో పట్టుకోవడం తేలికే. ఎన్వీడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పైన డెస్క్‌టాప్ మెనూలో జీపీయూ యాక్టివిటీ ఐకాన్ అనే వరుసకు టిక్ పెట్టు, జీపీయూ అంటే ఆ గ్రాఫిక్స్ కార్డే. గడియారం పక్కన చిన్న గుర్తొకటి వస్తుంది. కార్డు పడుకుని ఉంటే అది బూడిద రంగులో, మేలుకుని ఉంటే రంగుల్లో కనిపిస్తుంది. దాని మీద నొక్కితే కార్డును వాడుతున్న ప్రోగ్రాముల పేర్లు చూపిస్తుంది. మొన్న వీడియో కాల్‌లో నీ స్క్రీన్ మీద కదిలే జలపాతం వాల్‌పేపర్ చూశాను. ఆ జాబితాలో మొదటి పేరు దానిదే అయినా నేను ఆశ్చర్యపోను. గేమ్ లాంచర్లు, కీబోర్డు రంగులు మార్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఇదే పని చేస్తాయి. అక్కర్లేనివి తీసెయ్. ఉంచుకోవాల్సిన వాటిని సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దాకా వెళ్లి పవర్ సేవింగ్‌లో పెట్టు. బ్రౌజర్‌ను తప్పకుండా అందులో పెట్టు. ఇంకొక మాట, ఇలాంటి చాలా మెషిన్లలో ప్రొజెక్టర్ వైరు తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఆ పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. ప్రొజెక్టర్ పని అయిపోగానే ఆ వైరు పీకెయ్.

ఏం మార్చినా ఫలితాన్ని అంకెల్లో చూడు, ఊహించుకోకు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. ఛార్జర్ తీసేసి అందులో సెన్సర్లు తెరిస్తే, బ్యాటరీ కింద ఛార్జ్ రేట్ అనే వరుసలో ఆ నిమిషానికి ఎన్ని వాట్లు పోతున్నాయో మైనస్ గుర్తుతో చూపిస్తుంది. ఒకటి మార్చు, రెండు నిమిషాలు ఆగు, అంకె చూడు. నాలుగు ఒకేసారి మార్చితే దేనివల్ల తగ్గిందో నీకే తెలియదు.

స్క్రీన్ సంగతి. నీది సెకనుకు 144 సార్లు మారే స్క్రీన్, నోట్సు చదవడానికి 60 చాలు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో మార్చుకో. బ్రైట్‌నెస్ కూడా క్లాసులో సగానికి దించు. డార్క్ మోడ్ పెడితే ఛార్జింగ్ మిగులుతుందని మీ ఫ్రెండ్ చెప్పింది ఫోన్ల విషయంలో నిజమే, ఓఎల్ఈడీ తెరలో నలుపున్న చోట వెలుగే ఉండదు కాబట్టి. నీది ఎల్‌సీడీ. నలుపు చూపించినా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. కంటికి హాయిగా ఉంటే పెట్టుకో, బ్యాటరీకి మాత్రం ఒరిగేదేమీ లేదు.

పవర్ మోడ్‌ను బ్యాటరీ మీద బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీలో పెట్టు. ప్రాసెసర్ స్పీడు పెంచుకోవాలంటే వోల్టేజీ కూడా పెంచుకోవాలి, ఖర్చేమో వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. మీ ఎలక్ట్రానిక్స్ సార్ ఈ సూత్రం చెప్పే ఉంటారు. చివరి కొద్దిపాటి వేగానికి కట్టే ధర చాలా ఎక్కువ, టైపింగ్‌కు ఆ వేగంతో పనే లేదు.

హాస్టల్లో పిల్లలందరూ చేసే పని ఒకటుంది, లాప్‌టాప్ నుంచి ఫోను ఛార్జింగ్ పెట్టుకోవడం. ఐదు వేల ఎంఏహెచ్ ఫోను బ్యాటరీలో దాదాపు 19 వాట్ అవర్లు పడతాయి. దారిలో పోయేది కూడా కలుపుకుంటే, ఫోను ఒకసారి నిండేసరికి నీ లాప్‌టాప్ బ్యాటరీ సగం దాకా ఖాళీ అవుతుంది. క్లాసులో ఇది వద్దే వద్దు.

మూత వేసి బ్యాగులో పెడితే సాయంత్రానికి వేడెక్కి, ఛార్జింగ్ ఇరవై శాతం దిగిందన్నావు. ఇప్పటి విండోస్ మెషిన్లు చాలావరకు స్లీప్‌లో పూర్తిగా పడుకోవు. లోపల నెట్ చూసుకుంటూ, అప్‌డేట్లు చేసుకుంటూ ఉంటాయి. గాలి ఆడని బ్యాగులో ఆ వేడి ఇంకా ప్రమాదం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత వేస్తే ఏం చేయాలి అన్న చోట బ్యాటరీ వరుసలో హైబర్నేట్ పెట్టు. తెరిచి ఉన్నదంతా డిస్కులోకి రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది. లేవడానికి కాస్త ఆలస్యం అయినా ఫరవాలేదు.

వారానికోసారి ఛార్జింగ్ పూర్తిగా దింపి ఎక్కించాలని మీ పెద్దనాన్న చెబుతుంటాడు. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది, ఆ పరిశోధనకు 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. గుడినఫ్‌కు అప్పటికి 97 ఏళ్లు. ఎంత గొప్ప పని చేశారో, రోజూ ఆ సెల్లులు చేతిలో పట్టుకునే నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఈ బ్యాటరీకి పూర్తిగా దిగిపోవడమూ మంచిది కాదు, ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటమూ మంచిది కాదు. నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, దానికి వేడి తోడైతే త్వరగా ముసలిదవుతుంది. హాస్టల్లో రాత్రంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచుతావు కాబట్టి, కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఆన్ చెయ్యి. పొద్దంతా బయట ఉండే రోజుకు ముందు రాత్రి మాత్రం నూరు దాకా వదులు.

పరుపు మీద పెట్టి వాడొద్దు. గాలి పోయే రంధ్రాలు కిందే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో నీ గదే కొలిమిలా ఉంటుంది, అందులో పరుపు మీద అంటే బ్యాటరీని మనమే ఉడకబెట్టినట్టు. చెక్క అట్ట ఒకటైనా కింద పెట్టుకో.

టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టు అనిపించినా, నొక్కితే గట్టిగా తగిలినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ పీకేసి, నాకు ఫోన్ చెయ్యి. బ్యాటరీ ఉబ్బిందంటే దాన్ని గుచ్చకూడదు, అదమకూడదు. ఎవరో స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పుతామన్నా ఒప్పుకోకు. క్లాసు పోయినా సరే, నేనే బస్సెక్కి వస్తాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మెషిన్ తెచ్చుకో. ఫ్యాన్లో దుమ్ము తీసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ కొత్తది వేసి పంపుతాను. ఆదివారం వాల్‌పేపర్ తీసేశాక ఎన్ని వాట్లకు వచ్చిందో స్క్రీన్‌షాట్ పెట్టు. పన్నెండు కంటే పైనే ఉంటే ఇంకా ఎవరో లాగుతున్నట్టే, వాళ్లను ఇద్దరం కలిసి ఫోన్లో వెతుకుదాం.

మీ నాన్న