తోక తెగిన ఫైలు

ప్రియ మిత్రమా,

"వ్యాసం పంపమంటే మూట పంపావేమిటి, విప్పితే అన్నీ ఎక్స్‌ఎంఎల్ ముక్కలే" అని నిన్న రాత్రి నువ్వు ఫోనులో విసుక్కున్నప్పుడు, తప్పంతా నీ ఫైల్ మేనేజరుదేనని బుకాయించాను. పొద్దున అదే ఫైలును నా లినక్స్ కంప్యూటరులో డబుల్ క్లిక్ చేస్తే ఇక్కడా వ్యాసాలు రాసుకునే లిబ్రేఆఫీసు బదులు మూటలు విప్పే ఆర్కైవ్ మేనేజరే తెరుచుకుంది. కనుక నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వ్యాసంలోని ఫొటోలు మరీ పెద్దవై ఈమెయిలుకు ఎక్కకపోవడంతో, ఓడీటీ (లిబ్రేఆఫీసు పత్రాలను దాచే ఫార్మాటు) అంటే లోపల జిప్ మూటే కదా అన్న ధీమాతో, పేరు చివర 'జిప్' అని మార్చి, విప్పి, బొమ్మలను చిన్నవి చేసి మళ్ళీ కట్టాను. తరువాత 'జిప్' తీసేశాను గాని 'ఓడీటీ' తగిలించడం మరిచాను. మన డెస్క్‌టాపు ముందుగా పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌నే నమ్ముతుంది. అది లేకపోతే ఫైలు తెరిచి మొదటి బైట్లు చదువుతుంది. (విండోస్ అయితే దేనితో తెరవాలో నిన్నే అడిగి ఊరుకునేది.) అక్కడ దానికి 'పీకే' అనే రెండక్షరాలు కనిపించాయి. 1989లో జిప్ మూటలు కట్టే పీకేజిప్ ప్రోగ్రామును విడుదల చేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. ఓడీటీ, వర్డ్ వాడే డాక్‌ఎక్స్, ఈ-పుస్తకాల ఈపబ్, అన్నిటి నుదుటా అవే ఉంటాయి. మనం రాసుకున్న ప్రతి వ్యాసం మీదా ఆయన చేవ్రాలు ఉందన్నమాట!

అయినా అది ఓడీటీ అని పోల్చుకోవడానికి ఇంకొక గుర్తు ఉండవలసింది. మూటలో అన్నిటికంటే ముందు 'మైమ్‌టైప్' అనే చిన్న ఫైలును కుదించకుండా పెట్టాలన్నది ఈ ఫార్మాటు కట్టుబాటు. అలా పెడితే మొదట్లో ఉండే 30 బైట్ల హెడర్ దాటగానే ఆ పేరూ, దానిని ఆనుకొని ఫైలు రకమూ ఉన్నవి ఉన్నట్టుగా చదవడానికి దొరుకుతాయి. నేనేమో ఫోల్డరులోని వాటన్నిటినీ ఒక్కసారిగా ఎంచుకొని కంప్రెస్ నొక్కాను. మైమ్‌టైప్ కాస్తా బొమ్మల వెనక్కి పోయి, అక్కడ తానూ కుదించుకుపోయింది. తోకా లేదు, బొట్టూ లేదు, పాపం ఫైల్ మేనేజరు దానిని జిప్ అనక ఇంకేమంటుంది?

ఈసారి మైమ్‌టైప్‌ను కుదించకుండా ముందు చేర్చి, మిగిలినవి తరువాత కట్టి, పేరు చివర 'ఓడీటీ' ఉందో లేదో రెండుసార్లు చూసుకొని ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. రెండో పేజీలోని దిగుడుబావి ఫొటోను కొంచెం ఎక్కువే తగ్గించానేమోనని అనుమానం. మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూసి రాయి.

నీ నేస్తం