చీమకుర్తి దుమ్ములో కోన్ ఫిల్టర్లా?

సంపాదకుల వారికి,

నమస్కారం. టర్బో కార్లకు బయట కొని బిగించుకునే ఎయిర్ ఇన్‌టేక్‌ల (ఇంజన్‌కు గాలి అందించే గొట్టం, ఫిల్టర్ సెట్టు) మీద మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మోత గురించి, పికప్ గురించి, బానెట్ ఎత్తితే కనపడే సోకు గురించి పేరాలకు పేరాలు రాశారు. దుమ్ము అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నాది ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలు వేసుకున్న లారీలు రోజంతా మా ముందు నుంచే పోతుంటాయి. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఇలాంటి జిల్లాలో అచ్చయ్యే వ్యాసంలో దుమ్ము ఊసే లేకపోతే ఎలాగండీ?

టర్బో పని మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి కుక్కుతుంది. లీటరు పెట్రోలు ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగేటప్పుడు, టర్బో లేకుంటే, మహా అయితే 2500 లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో ఒక బార్, అంటే బయటి గాలి ఒత్తిడి అంత, అదనపు ఒత్తిడి ఇచ్చిందంటే అది ఇంచుమించు రెట్టింపు. గాలి రెట్టింపయితే దాని వెంట వచ్చే దుమ్మూ రెట్టింపే. ఆ దుమ్ము మొట్టమొదట తగిలేది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే అల్యూమినియం చక్రానికి.

పోయిన ఎండాకాలం క్వారీలో సూపర్‌వైజరుగా చేసే కుర్రాడొకడు బండి తెచ్చాడు. "అన్నా, పికప్ పడిపోయింది, టర్బో పోయిందేమో చూడు" అన్నాడు. కంపెనీ ఫిల్టర్ ఉండే మూత డబ్బా పీకేసి, ఎర్ర కోన్ ఫిల్టర్, అంటే మూత లేకుండా గరాటు ఆకారంలో ఉండే గుడ్డ ఫిల్టర్, బిగించి ఉంది. ఫిల్టర్ పైకి బాగానే ఉంది, కడిగి నూనె పట్టించి వాడుతున్నాడట. దాని వెనక హోసు ఊడదీసి, లోపల తెల్ల బనీను గుడ్డ తిప్పితే బూడిదరంగు చార పడింది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. టర్బో చక్రం రెక్కల అంచులు ఆకురాయితో రాసినట్టు గుండ్రంగా అరిగి ఉన్నాయి. గాలిని కోయాల్సిన అంచు అదే. ఫిల్టర్ మూతికీ పైపుకీ మధ్య క్లాంపు ఒక పక్కకు ఒరిగి సందు కూడా ఉంది. అక్కడి నుంచి లోపలికి పోయే గాలికి ఏ ఫిల్టరూ అడ్డు లేదు. కొత్త ఇన్‌టేక్ వేసుకున్న బండ్లలో నేను ముందు చూసేది ఆ అతుకునే.

అమ్మేవాళ్లు "99 శాతం దుమ్ము ఆపుతుంది" అంటారు. వినడానికి గొప్పగానే ఉంటుంది. ఇంకో ఫిల్టర్ 99.5 శాతం ఆపుతుందంటే, అర శాతానికి ఏం పోయిందిలే అనుకుంటాం. లోపలికి పోయేదాన్ని లెక్కేయండి. వంద గ్రాముల దుమ్ము తగిలితే మొదటిది ఒక గ్రాము వదులుతుంది, రెండోది అర గ్రామే. 98 శాతం ఆపే ఫిల్టర్ రెండు గ్రాములు వదులుతుంది, దానితో పోలిస్తే ఈ అర గ్రాము నాలుగో వంతే. ఫిల్టర్లకు ఐఎస్ఓ 5011 అని ఒక పరీక్ష ఉంది. ఎంత దుమ్ము ఆపింది, నిండేలోగా ఎంత దుమ్ము పట్టింది, గాలికి ఎంత అడ్డుపడింది అని మూడూ అందులో తేలతాయి. సన్న దుమ్ముతో చేశారా, ముతక దుమ్ముతో చేశారా అన్నది కూడా అడగాలి. ముతకదాన్ని ఆపడం తేలిక, ఇంజన్‌ను తినేది సన్నదే. ఆ కాగితం చూపించమంటే చాలామంది అమ్మకందార్లు ఫోన్‌లో మోత వినిపించే వీడియో చూపిస్తారు.

గాలికి అడ్డు సంగతికి వస్తే, కంపెనీ ఫిల్టర్ గొంతు నొక్కేస్తుందన్న మాట తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే సెలైన్ గొట్టం చాలు. ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య పైపులో ఒక చివర బిగించి, మిగతాది యూ ఆకారంలో అట్టకు కట్టి, రంగునీళ్లు పోయాలి. నీళ్లు ఇంజన్‌లోకి లాక్కుపోకుండా గొట్టం బారుగా ఉండాలి సుమా! ఒకరు బైపాస్ మీద మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, పక్క సీట్లో కూర్చున్నవాడు నీటిమట్టం చూస్తాడు. పది సెంటీమీటర్ల తేడా అంటే ఒక కిలోపాస్కల్. నేను చూసిన ఒక చిన్న టర్బో పెట్రోలు బండిలో, కొత్త కంపెనీ ఫిల్టర్‌తో, ఆ తేడా జానెడు, అంటే ఇరవై సెంటీమీటర్లు, దాటలేదు. లెక్కకు రెండు కిలోపాస్కల్స్. బయటి గాలి ఒత్తిడే వంద కిలోపాస్కల్స్ కాబట్టి, ఫిల్టర్ మొత్తానికే పీకేసినా మిగిలేది ఆ రెండు శాతం. అది కూడా ఇంజన్ కంప్యూటర్ తనకు పెట్టిన ఒత్తిడికి టర్బోను ఎలాగూ తెచ్చుకుంటుంది కాబట్టి బండి చక్రాల దాకా రాకపోవచ్చు. పెరిగిందనిపించేది చాలామటుకు మోత. మూత లేని ఫిల్టర్ గుండా టర్బో ఈల, వాల్వు వదిలే బుస్సు బాగా వినపడతాయి.

వేడి లెక్క దీనికి ఎదురు. పది డిగ్రీలు వేడెక్కితే గాలి సుమారు మూడు శాతం పలచబడుతుంది. కంపెనీ డబ్బాకు గాలి ముందు గ్రిల్ వైపు నుంచి వస్తుంది. తెరిచి ఉన్న కోన్ ఫిల్టర్ బానెట్ కింది గాలినే పీలుస్తుంది. మే నెలలో అద్దంకి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అక్కడ బయటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉండటం వింతేమీ కాదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉందిగా అంటారు. ఉంది, కానీ వేడిగా మొదలైన గాలి చివరికి కూడా ఆ మేరకు వేడిగానే తేలుతుంది. బండి రోడ్డెక్కి వేగం అందుకున్నాక కొంత సర్దుకుంటుంది, కాదనను.

చల్లగాలి కోసమని గాలి పీల్చే మూతిని కింద బంపరు చాటున పెట్టే రకాలు ఇంకో తలనొప్పి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రోడ్ల మీద నీళ్లు ఎలా నిలిచాయో చూశాం. మూతి మునిగితే ఇంజన్ నీళ్లు మింగుతుంది. నీరు గాలిలా నలగదు, పిస్టన్లను తిప్పే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుంటే తప్ప మామూలు ఇన్సూరెన్స్ ఈ రిపేరు ఖర్చు ఇవ్వదు.

మార్చొద్దని నేను అనడం లేదు. కంప్యూటర్ ట్యూనింగ్ చేయించి ఒత్తిడి పెంచుకున్న బండికి గాలి ఎక్కువ కావాల్సిందే. అలాంటివాళ్లకు నేను మూత ఉన్న డబ్బా, గ్రిల్ దాకా గొట్టం, లోపల పెద్ద ఫిల్టర్ ఉన్నదే చెబుతాను. గాలి కొలిచే సెన్సర్ ఉన్న బండయితే ఆ చోట పైపు లావు కంపెనీదంతే ఉండాలి. లేకపోతే సెన్సర్ లెక్క తప్పి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. నూనె గుడ్డ ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పట్టిస్తే అదే సెన్సర్ తీగకు అంటుకుంటుంది. హోసు మెత్తటి రబ్బరు అయితే టర్బో గట్టిగా లాగినప్పుడు ముడుచుకుపోతుంది, లోపల తీగచుట్టు ఉండాలి. ట్యూనింగ్ లేని బండికి మాత్రం కొత్త కంపెనీ కాగితం ఫిల్టరే వేస్తాను. చీమకుర్తి వైపు రోజూ తిరిగేవాళ్లు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే మార్చుకోవాలి. బంకు దగ్గర కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ మళ్లీ వాడకండి, కాగితం చిరుగుతుంది. ఆ చిరుగు కంటికి కనపడదు. టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పించే పని అధికారులు చేస్తే నాకు ఫిల్టర్ల బేరం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

మీకు ఒక్క విన్నపం. ఈసారి ఇలాంటి సరుకు గురించి రాసేటప్పుడు అమ్మేవాళ్లను ఐఎస్ఓ 5011 అంకెలు అడిగి, ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చేయండి. ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాయండి. జానెడు లెక్క మీద మీ విలేకరికి అనుమానముంటే ఒక కారు తీసుకురమ్మనండి, సెలైన్ గొట్టం నేను తెస్తాను.

ఇట్లు,
ఒక మెకానిక్,
కర్నూలు రోడ్డు, ఒంగోలు