హితబోధ సరే, నకళ్ల విభాగం సంగతేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

కోర్టు సిబ్బంది నీతినియమాలకు కట్టుబడి నడచుకోవాలని శిక్షణ తరగతుల్లో న్యాయాధికారులు ఉద్బోధించినట్లు గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. మంచి మాటే గాని, కొత్త మాట కాదు. విధినిర్వహణలో నిజాయితీ తప్పరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి, లంచం నేరమని 1988 నాటి అవినీతి నిరోధక చట్టం చెబుతూనే ఉన్నాయి. చెప్పేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు, అడిగేవాళ్లే కనబడరు.

కక్షిదారుకు న్యాయమూర్తి దర్శనం వాయిదా నాడు రెండు నిమిషాలు. మిగతా కోర్టంతా అతనికి అటెండరు, బెంచి క్లర్కు, కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీను, తీర్పుల ప్రతులు ఇచ్చే నకళ్ల గుమాస్తాలే. తీర్పు చెప్పిన వెంటనే అప్పీలు నిమిత్తం ఉభయపక్షాలకూ ప్రతులు అందుబాటులో ఉంచాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరులో ఉన్నా, జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు ప్రతి తక్షణం ఉచితంగా ఇవ్వాలని 2024 జులైలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా చెబుతున్నా, మా కోర్టులో మాత్రం నకలు కోసం స్టాంపులు దాఖలు చేసినవాడు 'రేపు రండి' అనిపించుకుంటూ మెట్లెక్కి దిగవలసిందే. చేయి తడిపినవాడి నకలు సాయంత్రానికి సిద్ధం. సమన్ల సంగతి మరీ ఘోరం. ప్రతివాది ఇంట్లో భోంచేస్తుండగానే 'ఇల్లు తాళం' అన్న రిపోర్టు మా దావాలో దాఖలైంది. సమన్లు అందజేసే ప్రాసెస్ సర్వరు ఎక్కడ నిలబడ్డాడో జీపీఎస్‌తో నమోదు చేసే ఎన్‌స్టెప్ యాప్ ఉందంటారు. ఆ నమోదును రిపోర్టుతో సరిచూడవలసినవారు ఎవరు?

నడుముకు క్యూఆర్ కోడ్ తగిలించుకొని న్యాయవాదుల వద్ద బక్షీసులు తీసుకుంటున్నాడని అలహాబాద్ హైకోర్టు 2022లో ఒక జమేదారును, అంటే కోర్టు బంట్రోతును, సస్పెండ్ చేసింది. మన వైపు అంత పారదర్శకత కూడా లేదు. పైగా ఈ మామూళ్లను 'ఖర్చులు' పేరిట కక్షిదారు ఖాతాలో రాసే న్యాయవాదులకు ఏ శిక్షణ తరగతులూ ఉన్నట్లు లేవు.

ఖాళీలు భర్తీ చేయక ఒకరి నెత్తిన ఇద్దరి పని పెడుతున్న మాట నిజం. పైసా ముట్టని గుమాస్తాలనూ ఎరుగుదును, వారికి నా నమస్కారం. కాని పనిభారం ఎంతటిదైనా దానికి రేటు కట్టి కక్షిదారు వద్ద వసూలు చేయమని ఎవరూ అనలేదు. రాజ్యాంగం 235వ అధికరణం కింద దిగువ కోర్టులపై అజమాయిషీ హైకోర్టుది. శాలువాలు, గ్రూపు ఫొటోలతో ముగిసే సభలకు బదులు, నకలు దరఖాస్తు అందిన తేదీ, ఇచ్చిన తేదీ ప్రతి సాయంత్రం నోటీసు బోర్డులో పెట్టిస్తే చాలు, సగం రోగం కుదురుతుంది. లంచాలపై ఫిర్యాదుకు ఏసీబీ వారి 1064 ఫోను నంబరు బోర్డు తహసీల్దారు కార్యాలయం గోడకు చూశాను, కోర్టు గోడకు నాకైతే కనబడలేదు.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలట. ఫిర్యాదు చేసి వచ్చి, ఆ గుమాస్తా చేతిలోనే కేసు కట్ట ఉన్న కోర్టులో వాయిదాకు నిలబడగల ధైర్యం ఎంతమందికి ఉంటుంది? నా దావా ఇంకా నడుస్తోంది కనుక పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక కక్షిదారు