వియత్నాం ప్యాకేజీ కొనే ముందు హోటల్ పేరు అడగండి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

వియత్నాం యాత్రల గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో వస్తున్న ప్రకటనలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2025లో శంషాబాద్ నుంచి ఆ దేశానికి నేరుగా విమానాలు మొదలైన తర్వాత వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో ప్యాకేజీలు అమ్మేవారు బాగా పెరిగారు. అది సంతోషించవలసిన సంగతే. విదేశమంటే అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోవడమే అనుకున్న కుటుంబాలు ఇవాళ సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో సముద్రం చూడడానికి బయలుదేరుతున్నాయి. అయితే ఆ ప్రకటనల్లో విమానం వేళ ఉంటుంది, చూపించే ప్రదేశాల జాబితా ఉంటుంది, పప్పన్నం పెడతామన్న హామీ కూడా ఉంటుంది కానీ, రాత్రి పడుకోబోయే హోటల్ పేరు మాత్రం ఉండదు. ‘త్రీస్టార్ లేదా తత్సమానం’ అని రాసి ఊరుకుంటారు. తక్కువ ఖర్చుతో పోదామనుకునే వారికి నష్టం జరిగేది సరిగ్గా అక్కడే.

మా కాలనీలోని ఒక కుటుంబం ఇలాంటి ప్యాకేజీ మీదే అక్కడి సముద్రతీర పట్టణం న్హా ట్రాంగ్‌కు వెళ్లింది. సముద్రానికి దగ్గర అని చెప్పి ఇచ్చిన గదిలో గోడకు నిండుగా తెర వేలాడుతున్నదట. తెర జరిపితే చిన్న గాజు పలక, దాని వెనక జానెడు దూరంలో పక్క భవనం గోడ. పగలూ రాత్రీ ఒకటే బల్బు వెలుతురు, ఆరని తడి బట్టల వాసన. ఇక్కడ ప్యాకేజీ అమ్మినవారికి ఫోన్ చేస్తే ‘త్రీస్టారే కదా సార్’ అన్నారట. అందులో అబద్ధమేమీ లేదు, వారి దగ్గర కాగితం మీద అంతకు మించి రాసి లేదు కూడా. బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఏ కాగితం చూసినా రాయని మాట కోసమే మొదట వెతకడం నాకు అలవాటు. నేనూ నా భార్యా ప్యాకేజీ లేకుండా అదే ఊరికి వెళ్లి వచ్చాము. ఆ అనుభవంతోనూ, వెళ్లబోయే ముందు వచ్చి అడిగే బంధుమిత్రులకు చెబుతూ వస్తున్న వాటితోనూ కొన్ని విషయాలు మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

గది కంటే ముందు నెల చూసుకోవాలి. న్హా ట్రాంగ్ దక్షిణ మధ్య తీరంలోని ఖాన్ హోవా రాష్ట్రంలో ఉంది. మనకు వానలు తగ్గుముఖం పట్టే వేళకు అక్కడ మొదలవుతాయి. సెప్టెంబరు చివర నుంచి డిసెంబరు దాకా, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో, ఆ తీరానికి భారీ వర్షాలూ తుపానులూ వస్తాయి. 2017 నవంబరులో డామ్రే తుపాను ఆ తీరాన్నే తాకింది, 2025 నవంబరులో న్హా ట్రాంగ్ వీధులు వరదలో మునిగాయి. మన పిల్లలకు దసరా సెలవులు వచ్చేది సరిగ్గా ఆ కాలంలోనే. ఆ రోజుల్లో గదులు చౌకగా దొరుకుతాయి, ప్యాకేజీలూ చౌకగా వస్తాయి, ఎందుకు చౌకో ఎవరూ చెప్పరు. బతుకమ్మ పండుగ ముగించుకొని పిల్లలతో బయలుదేరిన కుటుంబం నాలుగు రోజులూ హోటల్ గదిలో వాన చూస్తూ కూర్చుంటే మిగిలిన డబ్బు వల్ల ఏమి సుఖం?

మన వేసవి సెలవులు మాత్రం ఆ ఊరికి చక్కగా సరిపోతాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా అక్కడ వాన తక్కువ, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఎండ ఉంటుంది కానీ రామగుండం ఎండ చూసిన వాళ్లకు అది లెక్కలోది కాదు. ఒక్క జాగ్రత్త, ఏప్రిల్ 30, మే 1 తేదీలు ఆ దేశంలో వరుస జాతీయ సెలవులు. దేశంలోని జనమంతా సముద్ర తీరాలకు వస్తారు, గది అద్దెలు పెరుగుతాయి, రైలు టికెట్లు దొరకవు. ఆ వారం దాటించి మే రెండో వారంలో వెళ్లడం మేలు. జూన్ నుంచి వాళ్ల పిల్లలకూ సెలవులు మొదలవుతాయి కనుక మళ్లీ రద్దీయే. సంక్రాంతికి పోవాలనుకునేవారు న్హా ట్రాంగ్ బదులు ఫు క్వాక్ దీవినో, ముయి నే తీరాన్నో చూసుకోవచ్చు, జనవరిలో అక్కడ పొడి వాతావరణం ఉంటుంది. జనవరి చివరన గానీ ఫిబ్రవరిలో గానీ వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండుగ రోజులను మాత్రం ఎక్కడికి పోయినా తప్పించుకోవాలి. ఆ వారం చిన్న హోటళ్లు, తిండి దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, తెరిచి ఉన్నవి అద్దె పెంచుతాయి.

ఇక గది సంగతి. న్హా ట్రాంగ్‌లో సముద్రం వెంట ట్రాన్ ఫు అనే పెద్ద రోడ్డు సాగుతుంది. రోడ్డుకు ఒక పక్క పార్కు, ఇసుక, నీళ్లు, రెండో పక్క ఎత్తైన హోటళ్లు. ఊరి మధ్యలో హోటళ్లు దాదాపు అన్నీ రోడ్డుకు ఇవతలే ఉన్నాయి కాబట్టి పెద్ద హోటల్‌లో దిగినవారైనా, గల్లీ హోటల్‌లో దిగినవారైనా అదే రోడ్డు దాటి అదే ఇసుకలోకి నడవాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఖర్చు సగానికి దిగుతుంది. ట్రాన్ ఫు మీద కాకుండా దాని వెనక వీధుల్లో, అంటే హుంగ్ వుఓంగ్, న్గుయెన్ థియెన్ థువాట్, బియెట్ థు వంటి వీధుల్లో, ఐదు పది నిమిషాల నడక దూరంలో చిన్న హోటళ్లు వరుసగా ఉన్నాయి. రద్దీ లేని రోజుల్లో ఏసీ, వేడినీళ్లు ఉన్న శుభ్రమైన గది మూడు నుంచి ఐదు లక్షల డాంగ్‌లకు దొరుకుతుంది. లక్షలు చూసి గాభరా పడనక్కర్లేదు. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి కాబట్టి నాలుగు లక్షలంటే పదమూడు పద్నాలుగు వందల రూపాయలు. హైదరాబాద్‌లో ఆ ధరకు ఎలాంటి లాడ్జి వస్తుందో మీ పాఠకులకు తెలుసు.

ఆ చిన్న హోటళ్ల కట్టడం తీరు తెలిస్తే మా కాలనీ వారికి అలాంటి గది ఎందుకు దొరికిందో అర్థమవుతుంది. వియత్నాం పట్టణాల్లో ఇళ్లు వీధి వైపు సన్నగా, లోపలికి పొడవుగా, ఆపైన అంతస్తు మీద అంతస్తుగా లేస్తాయి. వీధి వైపు గదికి బాల్కనీ వస్తుంది, నడుమ గదులకు గాలి వెలుతురు రావు. చౌక ధర చూపించేది తరచుగా ఆ నడుమ గదులకే. అగోడా, బుకింగ్ డాట్ కామ్ వంటి గదుల బుకింగ్ సైట్లలో గది రకం కింద చిన్న అక్షరాల్లో కిటికీ లేదని రాసే ఉంటుంది కానీ, మనం ఫొటో చూసి, ధర చూసి నొక్కేస్తాము. కొద్దిపాటి తేడాలో కిటికీ ఉన్న గది అదే హోటల్‌లో దొరుకుతుంది. సముద్రం కనిపించే గది అన్న మాటను కూడా నమ్మి ఎక్కువ డబ్బు కట్టవద్దని నా సలహా, రెండు భవనాల సందులోంచి నీలం గీత కనిపించినా ఆ పేరే పెడతారు. లిఫ్టు ఉందో లేదో తప్పక అడగాలి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను తీసుకుపోయేవారికి ఐదో అంతస్తు గది, లిఫ్టు లేని మెట్లు అంటే యాత్ర అక్కడితో ముగిసినట్టే. పాత ప్రశంసలకంటే గడిచిన రెండు మూడు నెలల్లో అక్కడ దిగినవారు రాసిన ఫిర్యాదులు చదవడం మంచిది. పక్కన కొత్త భవనం కడుతున్నారనీ, కింద అర్ధరాత్రి దాకా పాటల మోత ఉంటుందనీ అక్కడే తెలుస్తుంది.

నిశ్శబ్దం కావాలనుకునేవారు కాయ్ నది దాటి ఉత్తరం వైపు చూసుకోవచ్చు. ఆ ఒడ్డునే గుట్ట మీద పొ నగర్ గోపురాలున్నాయి, ఒకప్పుడు ఆ తీరాన్ని ఏలిన చామ్ ప్రజలు కట్టిన సుమారు వెయ్యేళ్ల నాటి ఇటుక కట్టడాలు. అక్కడి అమ్మవారిని చామ్ ప్రజలు భగవతిగా కొలిచారు, నేటి వియత్నాం వారూ తమ దేవతగా కొలుస్తున్నారు. న్హా ట్రాంగ్ దగ్గరి వో కాన్ ఊళ్లో దొరికిన శాసనం ఆగ్నేయాసియాలోని అతి ప్రాచీన సంస్కృత శాసనాల్లో ఒకటి. వేయిస్తంభాల గుడి, రామప్ప చూస్తూ పెరిగిన మనవాళ్లు ఆ ఊరికి పోయి ఈ గుట్ట ఎక్కకుండా తిరిగి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ప్యాకేజీ జాబితాల్లో దానికి అరగంట కేటాయిస్తారు. నడిచి పోయే దూరంలో బస ఉంటే పొద్దున్నే, జనం రాకముందే, తీరికగా చూడవచ్చు.

ఈ-వీసా సంగతిలో ఒక వరుస పాటించాలి. భారతీయులకు 90 రోజుల దాకా చెల్లే ఈ-వీసా 2023 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. దరఖాస్తులో అక్కడ దిగబోయే చోటు చిరునామా అడుగుతారు కాబట్టి ముందు ఉచితంగా రద్దు చేసుకోవడానికి వీలున్న గదిని బుక్ చేసి ఆ చిరునామా రాయాలి, వీసా చేతికి వచ్చాకే రద్దుకు వీల్లేని చౌక ధరల వైపు చూడాలి. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరాల్లో, ఇంకో చోట పూర్తిగా, కొందరికి అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా అచ్చయిందో అక్షరం తేడా లేకుండా వీసాలోనూ, టికెట్‌లోనూ, హోటల్ బుకింగ్‌లోనూ అలాగే ఉండాలి. మరో సంగతి, 2025 జులై 1 నుంచి ఆ దేశంలో జిల్లాల వ్యవస్థ తీసివేసి రాష్ట్రాలను కలిపారు. అందుచేత ఒకే హోటల్‌కు పాత చిరునామా ఒకటి, కొత్తది ఒకటి కనిపించవచ్చు. వీధి పేరు, తలుపు సంఖ్య కలిస్తే కంగారు పడనక్కర్లేదు.

హోటల్‌లో దిగగానే రిసెప్షన్ వారు పాస్‌పోర్టులు అడుగుతారు. విదేశీయుల బస వివరాలను పోలీసులకు తెలియజేయడం అక్కడి చట్టం, ఆ పని హోటల్ వారే చేస్తారు. వివరాలు రాసుకున్నాక పాస్‌పోర్టు వెంటనే అడిగి తీసుకోవాలి. గదులు సాధారణంగా మధ్యాహ్నం రెండు గంటలకు ఇస్తారు. హో చి మిన్ సిటీ నుంచి రాత్రి రైలులో, అంటే 411 కిలోమీటర్ల దూరం, బెర్తు మీద పడుకొని వచ్చేవారు ఒక రాత్రి అద్దె మిగుల్చుకుంటారు కానీ తెల్లవారుజామున దిగుతారు. సామాన్లు పెట్టుకోనిస్తారా, ముందుగా గది ఇవ్వగలరా అని రెండు రోజుల ముందే రాసి అడిగితే చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. విమానంలో వచ్చేవారికి కామ్ రాన్ విమానాశ్రయం ఊరికి 30 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు విషయంలో బ్యాంకు మనిషిగా రెండు మాటలు. మన డెబిట్ కార్డుల్లో విదేశీ వాడకం మొదట మూసే ఉంటుంది, బయలుదేరే ముందు యాప్‌లో తెరిచి పరిమితి పెట్టుకోవాలి, అదనపు రుసుము ఎంతో బ్యాంకులో అడగాలి. అక్కడి 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలి రంగులోనే ఉంటాయి కాబట్టి రాత్రి పూట ఆటో చార్జీ ఇచ్చినట్టు చూడకుండా తీసి ఇవ్వకూడదు. ప్యాకేజీ కొన్నవారు టీసీఎస్ కింద తమ దగ్గర వసూలు చేసిన పన్ను తమ పాన్ మీద జమయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోవాలి. అది రిటర్నులో సర్దుబాటయ్యే సొమ్ము, చాలామంది రిటైర్డ్ ఉద్యోగులు దాన్ని పోయిన డబ్బుగానే వదిలేస్తున్నారు.

తిండికి భయపడవలసిన పని లేదు. శాకాహారులు ‘చాయ్’ (chay, వాళ్ల భాషలో శాకాహారం) అని రాసి ఉన్న అన్నం దుకాణాలు వెతుక్కోవాలి. అక్కడి బౌద్ధుల్లో చాలామంది అమావాస్య, పున్నమి వేళల్లో మాంసం ముట్టరు. మామూలు హోటళ్లలో మాత్రం కూరగాయల వంటలో కూడా చేపల రసం పడుతుంది, అడగకుండా తినకూడదు. సకినాలూ, పచ్చడీ వెంట ఉండనే ఉంటాయి.

ప్యాకేజీలు అమ్మేవారందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. భాష రాని చోటికి మొదటిసారి పోయే పెద్దవారికి వెంట మనిషి ఉండడం పెద్ద ధైర్యం, దానికి నాలుగు డబ్బులు ఎక్కువ తీసుకున్నా న్యాయమే. అయితే అడ్వాన్సు తీసుకునే ముందే హోటల్ పేరు, వీధి, గది రకం, కిటికీ, లిఫ్టు, ఒక గదిలో ఎందరు అన్న వివరాలు కాగితం మీద రాసి ఇవ్వాలి. హోటల్ మార్చవలసి వస్తే మార్చబోయే హోటల్ పేరు ముందుగా చెప్పి, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామని కూడా రాయాలి. మీ పాఠకుల తరఫున మీకొక విన్నపం. ప్రకటనలు వేసుకునే వారిని హోటల్ పేరు కూడా ఇవ్వమని మీ ప్రకటనల విభాగం అడగాలి. వేసవి సెలవులకు ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీని బస వివరాలకే కేటాయించి, ఏ నెలలో ఏ తీరం, ఏ వీధిలో ఎంత అద్దె అన్నది ఇటీవల వెళ్లి వచ్చిన ఉత్తర తెలంగాణ పాఠకుల చేతనే రాయించాలని కోరుతున్నాను. అవసరమైతే మా బిల్లులు, రసీదులు మీ కార్యాలయానికి తెచ్చి చూపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హన్మకొండ