పాత భాషలో రాశారని తిట్టే ముందు

ఎడిటర్ గారికి,

తయారుచేసిన కంపెనీలే వదిలేసిన ప్రోగ్రామింగ్ భాషల్ని ఇంకా పట్టుకు వేలాడుతున్న ఆఫీసుల గురించి మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. అంతా బద్ధకమే అని తేల్చేశారు, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ బేసిక్ 6 (వీబీ6) ప్రోగ్రాములు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందుగా, కోబాల్ అనే పాత భాషని ఆ జాబితాలో ఎందుకు కలిపారో అర్థం కాలేదు. 1959లో పుట్టింది నిజమే గానీ అదెక్కడా ఆగిపోలేదు, 2023లో కూడా దానికి కొత్త స్టాండర్డ్ వచ్చింది. నిజంగా వదిలేసినవంటే వీబీ6 లాంటివి, దాని సపోర్ట్ 2008 ఏప్రిల్‌లోనే అయిపోయింది. విజువల్ ఫాక్స్‌ప్రోకి ఇక కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లో చెప్పి, 2015లో పూర్తిగా చేతులు దులుపుకుంది. పైథాన్ 2 సంగతి మరీ చిత్రం. 2015లో ఆపేస్తామన్నారు, జనం మారకపోయేసరికి 2020 జనవరి 1 దాకా గడువు పెంచారు. పైథాన్ 3 వచ్చిందేమో 2008లో! ఉచితంగా దొరికే భాషకి, అంతమంది వాడే భాషకి అన్నేళ్లు పట్టిందంటే అందరూ బద్ధకస్తులేనా?

మార్చడమంటే కొత్త భాషలో తిరగరాసేయడమే అనుకుంటారు, కానీ అదంత తేలిక కాదు. పైథాన్ 2లో 3ని 2తో భాగిస్తే 1 వస్తుంది, పైథాన్ 3లో 1.5 వస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, లెక్క మాత్రం మారిపోతుంది. వీబీ6లో రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 2 అంటుంది, 3.5 ఇస్తే 4 అంటుంది, సరిగ్గా సగం దగ్గర ఉంటే పక్కనున్న సరిసంఖ్యకి పోతుందన్నమాట. అదే 2.5ని జావా అనే ఇంకో భాషలో మ్యాథ్ రౌండ్ ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి, 3 వస్తుంది. వడ్డీ లెక్క కట్టే ప్రోగ్రామ్‌లో ఈ తేడా దూరిందంటే పాత రిపోర్టుకీ కొత్తదానికీ టాలీ కాదు, అకౌంట్స్ వాళ్లు వచ్చి పీకల మీద కూర్చుంటారు, ఆ కోడ్ రాసిన మనిషేమో ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటాడు.

ఇంకో సంగతి. వీబీ6లో ఆగిపోయింది ప్రోగ్రాములు రాసుకునే సాధనానికి సపోర్ట్. నడిపించే రన్‌టైమ్ ఇప్పటికీ విండోస్‌తోనే వస్తోంది, అందుకే ఆ ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తున్నాయి.

అలాగని అన్నిటినీ వెనకేసుకురావడం లేదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని పైథాన్ 2ని ఇంటర్నెట్‌కి ఎదురుగా పెట్టి నడిపేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ నాకు అసలు టెన్షన్ భాషతో కాదు. చాలా చోట్ల నడిచే ఈఎక్స్‌ఈ ఫైలు ఉంటుంది, దాన్ని తయారుచేసిన సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. సోర్స్ ఉన్నా, అందులో వాడిన ఓసీఎక్స్ ఫైలు (గ్రిడ్ లాంటి రెడీమేడ్ భాగాలు ఉండేది) ఆ మెషిన్‌లో లేకపోతే ప్రాజెక్ట్ తెరవగానే గ్రిడ్ ఉండాల్సిన చోట ఉత్త పిక్చర్ బాక్స్ వచ్చి కూర్చుంటుంది. చూసుకోకుండా సేవ్ కొట్టామా, ఇక ఆ ఫారం (స్క్రీన్) గతి అంతే. ఈ మాట మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఈసారి రాసేటప్పుడు ఏ భాష వాడుతున్నారని మాత్రమే అడిగి వచ్చేయకండి. సోర్స్ మీ దగ్గరే ఉందా, దాన్ని వేరే మెషిన్‌లో పెట్టి కంపైల్ చేసి, అంటే మళ్లీ ఈఎక్స్‌ఈ తయారుచేసి చూశారా అని కూడా అడగండి. నిన్నమొన్న వచ్చిన భాషలో రాయించుకున్నవాళ్లని కూడా అడగండి, ఎంతమంది అవునంటారో చూద్దాం.

ఇట్లు,
ఒక వీబీ6 ప్రోగ్రామర్