శీనూ, ఆ కార్బొరేటర్ మార్చొద్దు రా

ఒరే శీనూ,

ఎలా ఉన్నావ్ రా, హైదరాబాద్‌లో కొత్త ఆఫీసు అలవాటైందా, సరే అవన్నీ తర్వాత, ముందు బండి సంగతి చెప్పేస్తా, నువ్వు దానికోసమే చూస్తుంటావని తెలుసు. నిన్న వైజాగ్ లాసన్స్ బే కాలనీలో మీ ఇంటికి వెళ్లి మీ నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ విప్పాను (ఆంటీ పెసరట్టు తినేదాకా షెడ్డులోకి వెళ్లనివ్వలేదనుకో). మీ మెకానిక్ చెప్పినట్టు కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపేది) ఏం పోలేదురా. ఒరిజినల్ మికునీ కంపెనీ బాడీ, లోపల కదిలే స్లైడ్ మీద గీత కూడా లేదు. 1985లో మొదలై 1996కే ఆగిపోయిన బండి, అలాంటి ముక్క తీసి డూప్లికేట్‌ది పెట్టిస్తానంటే నేను ఒప్పుకోను.

కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె విప్పితే అడుగునంతా తెల్లపొడి. మీ ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరో తెలుసు కదా, ఆ ఉప్పుగాలికి తోడు ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, అది గాల్లో తేమని లాక్కుంటుంది, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ నీళ్లు అడుక్కి దిగి అల్యూమినియాన్నీ జింకునీ తినేస్తాయి. పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ముక్క) పూర్తిగా మూసుకుపోయింది, వెలుతురులో పెట్టి చూస్తే చుక్క కూడా కనబడలేదు. నాన్నగారు చోక్ వేస్తేనే నడుస్తోంది అన్నారు చూడు, అదీ కారణం, స్లోలో ఇంజిన్‌కి పెట్రోల్ అందట్లేదు. రబ్బర్లన్నీ పక్కకి తీసేసి క్లీనర్ కొట్టి, నానబెట్టి, గాలి పట్టించాను. ఎవరైనా స్టీలు తీగ పెట్టి పొడవబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపు, ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ జెట్ మీద నంబరుకి ఇంక అర్థం లేదు.

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ, నాకు భయమేసింది మాత్రం దీని తర్వాత. క్లీన్ చేసి బిగించాక ఎక్సలేటర్ వదిలేసినా రేజ్ (ఇంజిన్ స్పీడు) వెంటనే దిగట్లేదు, స్లోలో గాలి సర్దే ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా తేడా లేదు, అంటే ఎక్కడో దొంగగాలి లాగుతోంది. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య జాయింట్ చుట్టూ బ్రష్‌తో సబ్బునీళ్లు రాశాను, రాయగానే ఇంజిన్ సౌండ్ మారిపోయింది. రబ్బరు పగిలిందిరా, పైకి కనబడదు, వంచితే నోరు తెరుస్తోంది. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఇది చిన్న విషయం కాదు, గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, బోర్ గీసుకుపోతుంది, అదీ స్పీడులో ఉండగా వెనక చక్రం బిగుసుకుంటే మనిషికే ప్రమాదం. కొత్త కార్బొరేటర్ కొని ఆ పగిలిన రబ్బరుకే తగిలించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు! అందుకే ఏ పాత బండైనా ముందు గాలి ఎక్కడ లాగుతోందో చూడమంటాను. జాయింటూ ప్యాకింగూ బాగుండి కూడా రేజ్ దిగకపోతే మాగ్నెటో (కరెంటు పుట్టించేది) వైపు క్రాంక్ ఆయిల్ సీల్ చూడాలి, అదే క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్లపొగ కక్కుతుంది.

జాయింటూ ప్యాకింగూ కొత్తవి వేశాను. ఎయిర్ స్క్రూ మెల్లగా మొత్తం బిగించి ఒకటిన్నర తిప్పు వదిలాను, ఇంజిన్ బాగా వేడెక్కాక ఎక్కడ రేజ్ పెరుగుతుందో అక్కడ ఆపి స్లో స్క్రూతో దించాను. ఇప్పుడు చోక్ లేకుండా టక్ టక్ టక్ అని నిలబడుతోంది, నాన్నగారి మొహం చూడాల్సింది నువ్వు.

బీచ్ రోడ్డులో రుషికొండ దాకా వెళ్లొచ్చా, గ్రిప్ మీద పావు, సగం, ఫుల్ అని టేపు ముక్కలు అంటించుకుని. పావు దాకా బాగుంది, సగం దగ్గర కొంచెం గుడగుడమంటోంది, ప్లగ్ తీస్తే నల్లగా పొడిమసి. సగం దగ్గర రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అంటే స్లైడ్‌లో ఉండే సూది క్లిప్ ఒక గాడి పైకి మార్చాలి, మెయిన్ జెట్ జోలికి వెళ్లక్కర్లేదు, దాని పనంతా ఫుల్ ఎక్సలేటర్ దగ్గరే. క్లిప్ మార్చి సింహాచలం ఘాట్‌లో ఎక్కించి చూస్తా, ప్లగ్ కాఫీపొడి రంగుకొస్తే చాలు, తెల్లబడితే వెంటనే క్లిప్ కిందకి దింపేస్తా.

నువ్వు దసరాకి అరకు వెళ్దామన్నావు కదా. అక్కడ సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన, మిక్చర్ దానంతటదే రిచ్ అయ్యి బండి కొంచెం బరువుగా లాగుతుంది, అక్కడ ఏమీ తిప్పొద్దు. ఎందుకంటే అక్కడ సెట్ చేసి అలాగే వైజాగ్ దిగితే ఇక్కడ లీన్ (పెట్రోల్ తక్కువ) అయిపోతుంది. ఇంకోటి, దిగేటప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా మూసేసి ఇంజిన్ మీదే ఘాట్ అంతా దిగకు, ఆయిల్ పంపు ఎక్సలేటర్‌తో కలిసే ఉంటుంది, లోపలికి ఆయిల్ చాలా తక్కువ వెళ్తుంది. మధ్యమధ్యలో కొంచెం కొంచెం ఇస్తుండు.

నాన్నగారికి కూడా చెప్పాను, వారం పైన తీయకపోతే పెట్రోల్ కాక్ మూసేసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపమని, గిన్నె ఖాళీ అయిపోతుంది. నువ్వు కూడా ఫోన్ చేసినప్పుడు గుర్తు చెయ్. ఆ మెకానిక్ దగ్గర ఇంకో పాత మెయిన్ జెట్ ఉండిపోయిందట, పారేసేలోపు అడిగి పక్కన పెట్టించు, నేను వెళ్లి తెచ్చుకుంటా.

నీ
రమణ